నలభై ఒకటో నెంబరు ముద్ర

నల్ల తెర తోసుకుని లోపలికి వెళ్తే
బయట తిహువానా ఎండ ఎంత మండుతున్నా
లోపల ఎప్పుడూ రాత్రే.
బెల్టు మీద టీవీలు ఒక్కొక్కటే వచ్చి
నా ముందు ఆగుతాయి, పద్నాలుగు సెకన్లు.
ఎరుపు. ఆకుపచ్చ. నీలం. తెలుపు.
బూడిద రంగు. ఆఖర్న నలుపు.
బొమ్మ ఉండదు. ఎవరూ నవ్వరు, ఎవరూ పరిగెత్తరు.
ఏడేళ్లుగా పొద్దస్తమానం టీవీలే చూస్తున్నా,
ఒక్క కథా చూడలేదు.

పని నేర్పింది ఎలోడియా.
"రంగులకి మోసపోకు పిల్లా,
రంగులు దుకాణంవాడి సరుకు.
అక్కడ చిలకలు మరీ పచ్చగా ఉంటాయి,
దానిమ్మ గింజలు మరీ ఎర్రగా,
పండగ పూట పౌడరు ఎక్కువైన మొహంలా.
నువ్వు బూడిద రంగు చూడు.
అబద్ధానికి అక్కడ దాక్కోను చోటుండదు."

నిజమే. ఒట్టి బూడిద తెర మీద
సరిగ్గా జాడించని దుప్పటి మీద సబ్బు చారల్లా
మసక మరకలు తేలతాయి.
మెడ ఇటు వంచితే ఉంటాయి, అటు వంచితే ఉండవు.
ఎనభై లక్షల చుక్కల్లో
చచ్చిన చుక్క ఒక్కటుంటే వెతకక్కర్లేదు,
అదే వచ్చి కంట్లో నలుసై పడుతుంది.

నలుపు మాత్రం నాకు ఇప్పటికీ లొంగలేదు.
దీపం కింద చీకటి అంటారు గానీ
ఇక్కడ చీకటి కిందే దీపం.
నల్లటి బొమ్మ వెనకాల
బుల్లి బుల్లి దీపాలు వెలుగుతూనే ఉంటాయి,
నిద్ర నటిస్తున్న పిల్లాడి కనురెప్పల్లా
అంచులు అదురుతుంటాయి.
ఏ మూలన చట్రం ఒక్క చుట్టు ఎక్కువ బిగిసినా
తలుపు సందులోంచి పొగలా
అక్కడ తెల్లగా కారుతుంది వెలుతురు.
వేలెడంత అయితే పంపు, బెత్తెడైతే ఆపు,
ఇదీ రూలు.
వేలెడుకీ బెత్తెడుకీ మధ్య వచ్చినవాటికి
నా కన్నూ, నా ఓపికా, ఆ పూట నా నడుం నొప్పీ
కలిసి తీర్పు చెబుతాయి.

ఈ పనితో చెడిపోయాను.
సాయంత్రం బస్సులో వస్తుంటే
సముద్రం మీది ఆకాశంలో పైన కుడి పక్క మరక కనిపిస్తుంది.
సరిహద్దు గోడ ఇనప పట్టీలు గబగబా వెనక్కి పోతుంటే
ఒక్కటీ తోక వదలదే అని ఆశ్చర్యపోతాను.
రామిరో చెంప మీది పుట్టుమచ్చని
ఓ రాత్రి గోటితో గీకి చూశాను.
వారం రోజులు నవ్వాడు.

మొన్న శనివారం మా చెల్లెలు ఇట్సెల్ ఇంట్లో
కొత్త టీవీ. వాయిదాల మీద, పద్దెనిమిది నెలలు.
మరిది హెర్మిలో అట్టపెట్టె కూడా పారేయలేదు.
రిమోట్ నా చేతికిచ్చి
జవాబు పత్రం దిద్దుతున్న మాస్టారి ముందు పిల్లాడిలా
చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
"నువ్వు చెప్పాలి. బాగుందా?"

తీగలు సర్దుతున్నట్టు వెనక్కి వెళ్లి వంగాను.
చిన్న కాగితం మీద ఊదారంగు ముద్ర: నలభై ఒకటి.
నాదే. మార్చి తొమ్మిది.
ఆ రోజు ఏమైందో గుర్తులేదు.
రోజుకి పదిహేను వందలు, ఏదని గుర్తుంటుంది?

ఆట మొదలైంది. పచ్చిక బాగుంది.
గోల్‌కీపరు చొక్కా పసుపు, పసుపులాగే ఉంది.
ఎంత గట్టిగా తన్నినా బంతి గుండ్రంగానే పోతోంది.
ప్రకటనలకి ముందు ఒక్క క్షణం
తెర నల్లబడింది.
కింద, ఎడమ మూలన,
వేలెడుకీ బెత్తెడుకీ మధ్య
పొగ.

ఎవరూ చూడలేదు.
చూసేవాళ్లకి బొమ్మ కావాలి, నలుపెవరికి కావాలి?
పిల్లలు గోల్ గోల్ అంటూ సోఫా ఎక్కి దూకుతున్నారు.
హెర్మిలో ఇంకా నా మొహమే చూస్తున్నాడు.

"బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించు,
రాత్రిపూట గదిలో ఓ దీపం వేసి ఉంచు.
బొమ్మ బాగుంది," అన్నాను.
బొమ్మ బాగానే ఉంది మరి.

తర్వాత కుర్చీ జరుపుకుని
టీవీకి మరీ దగ్గరగా, ఎడమ వైపు,
ఆ మూలకి అడ్డంగా కూర్చున్నాను.
"పెద్దమ్మా, తల తియ్యి" అని అరిచారు పిల్లలు.
ఆట అయ్యేదాకా తియ్యలేదు.